కడిగిన మేకప్ బ్రష్‌లు పుల్లల్లా బిరుసెక్కుతున్నాయి, పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

నిజాంపేట_లక్ష్మి
జూలై 4, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పోయిన మాఘంలో మా చెల్లి పెళ్లప్పుడు 12 బ్రష్‌ల సెట్ ఒకటి కొనుక్కున్నాను. అంతకుముందు క్రీమైనా పౌడరైనా చేత్తోనే రాసుకునేదాన్ని. బ్రష్ అలవాటయ్యాక ఆఫీసుకు వెళ్లేటప్పుడు కూడా అవే వాడుతున్నాను. నాలుగు నెలలపాటు ఒక్కసారి కూడా కడగలేదు. కడగాలని నాకు తెలియదు. గత నెల రెండు చెంపల మీదా చిన్న చిన్న పొక్కులు మొదలయ్యాయి. ఆఫీసులో స్నేహితురాలు నా ఫౌండేషన్ బ్రష్ చూసి, "దీన్ని కడిగి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

ఆ ఆదివారమే అన్నీ కడిగాను. కుచ్చును ఒంటి సబ్బు మీద బాగా రుద్ది, బాత్రూం కుళాయి కింద కుచ్చు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని కడిగి, పెన్నుల స్టాండులో నిలబెట్టాను. తెల్లారి చూస్తే పౌడర్ బ్రష్ వెంట్రుకలు అతుక్కుపోయి ఉన్నాయి, చెంపకు ఆనిస్తే గీసుకుంటోంది. వేలితో విదిలిస్తే తెల్లటి పొడి రాలింది. ఫౌండేషన్ బ్రష్‌లో మాత్రం లోపలి రంగు లోపలే ఉంది. సబ్బు సరిపోలేదేమో అనుకుని, ఇంకా ఎక్కువ సబ్బు పెట్టి మరో రెండు సార్లు కడిగాను. బిరుసు ఇంకా పెరిగింది. ఇప్పుడు బ్లష్ బ్రష్ తల పిడి దగ్గర కదులుతోంది.

మా అపార్ట్‌మెంట్లో వాడకానికి బోరు నీళ్లు. మంజీరా నది నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి వంటకి పట్టుకుంటాం. వీటిని బాగుచేసుకునే దారి ఉందా, లేక పారేయాల్సిందేనా? డబ్బు కూడబెట్టి కొన్న సెట్, పారేయడానికి మనసొప్పడం లేదు.

బుజ్జి_వరంగల్
జూలై 4, రాత్రి 9:52

అక్కా, నాదీ ఇదే సమస్య. హాస్టల్లో ఉంటాను, నావి మూడే బ్రష్‌లు. ఎవరైనా వివరంగా చెబితే నేనూ చూసి నేర్చుకుంటాను.

భీమవరం_బ్రైడల్
జూలై 4, రాత్రి 11:15

లక్ష్మి గారూ, అస్సలు పారేయకండి. 11 ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్నాను. మొదటి ఏడాది నేనూ ఇలాగే చేసి మంచి బ్రష్‌లు పోగొట్టుకున్నాను. నాకు చెప్పేవాళ్లు లేరు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు బ్రష్ ఎలా తయారవుతుందో తెలుసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. కుచ్చు మొదళ్లను జిగురుతో ఒక రేకు గొట్టంలో బిగిస్తారు. దాన్ని ఫెర్రూల్ అంటాం. ఆ గొట్టాన్ని చెక్క పిడికి తొడిగి నొక్కుతారు. నీళ్లు ఆ గొట్టంలోకి దిగాయంటే లోపల జిగురు నానుతుంది, చెక్క ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ కుంచించుకుపోతుంది. రెండు మూడు సార్లు ఇలా జరిగితే తల కదలడం మొదలవుతుంది, పిడి మీద రంగు పెచ్చులుగా లేస్తుంది. మీరు కుచ్చు పైకి పెట్టి కుళాయి కింద కడిగారు, తరవాత అలాగే నిలబెట్టి ఆరబెట్టారు. రెండు సార్లూ నీళ్లన్నీ గొట్టంలోకే దిగాయి. తడి బ్రష్ కుచ్చు ఎప్పుడూ నేల చూపే చూడాలి. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు మొదటి రోజు చెప్పేది ఈ ఒక్క మాటే.

ఇక కడగడం. గోరువెచ్చని నీళ్లు చాలు, వేడి నీళ్లు జిగురుకు శత్రువు. కుచ్చు కొసల నుంచి ముప్పావు వంతు వరకే తడపండి. అరచేతిలో శనగగింజంత షాంపూ వేసుకుని, అందులో కుచ్చును మెల్లగా గుండ్రంగా తిప్పండి. గట్టిగా అదిమితే వెంట్రుకలు విచ్చుకుపోయి మళ్లీ ఆకారానికి రావు. నురుగులో రంగు దిగుతుంది, జాడించండి, మళ్లీ షాంపూ వేయండి. పౌడర్ బ్రష్‌కు రెండు సార్లు చాలు. ఫౌండేషన్ బ్రష్‌కు ఒక్కోసారి నాలుగు సార్లు పడుతుంది. జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా వదలొద్దు. లోపల మిగిలిన షాంపూ కూడా చర్మానికి మంటే.

ఫౌండేషన్, కన్సీలర్, లిప్‌స్టిక్ బ్రష్‌లకు ముందు నూనె పట్టాలి. నీళ్లకు చెదరని ఫౌండేషన్లలో సిలికోన్లు, మైనాలు ఉంటాయి, వాటిని ఉత్త నీళ్లు కదిలించలేవు. రెండు చుక్కల కొబ్బరి నూనె అరచేతిలో వేసుకుని పొడి బ్రష్‌నే అందులో తిప్పండి. లోపలి రంగంతా చేతిలోకి వచ్చేస్తుంది. పాత నూలు గుడ్డకు తుడిచి, అప్పుడు షాంపూ వేయండి. నూనె మాత్రం కొసలకే, రేకు దాకా పోనివ్వకండి.

చివరగా పొడి తువ్వాలులో చుట్టి నెమ్మదిగా పిండి, వేళ్లతో కుచ్చును దాని అసలు ఆకారానికి సర్ది, బల్ల అంచున పడుకోబెట్టండి. కుచ్చు మాత్రం బల్ల బయట గాలిలో ఉండాలి, పిడి కింద మడత పెట్టిన గుడ్డ పెడితే అది కాస్త ఎత్తుగా ఉంటుంది. కింద ఆనితే ఆ వైపు చదునైపోతుంది, తడి కూడా అక్కడే నిలుస్తుంది. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి వద్దు, ఫ్యాను గాలి చాలు. చిన్నవి ఒక రాత్రిలో ఆరతాయి, పెద్ద పౌడర్ బ్రష్‌కు పూర్తిగా 24 గంటలు పడుతుంది.

కదులుతున్న బ్లష్ బ్రష్ సంగతి: తలను పిడి నుంచి పూర్తిగా లాగేయండి, వస్తుంది. రెండు ముక్కల్నీ రెండు రోజులు ఆరనిచ్చి, హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి పిడి కొసకు కొద్దిగా రాసి తొడగండి. ఒక రోజు ముట్టుకోకండి.

మీ బిరుసుకు మాత్రం సబ్బే కారణమనిపిస్తోంది. సబ్బుతో ఎందుకలా అవుతుందో నాకు చెప్పడం రాదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

రాజమండ్రి_మాస్టారు
జూలై 5, ఉదయం 6:40

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. మేకప్ గురించి తెలియదు కానీ మా అమ్మాయి ఈ చర్చ చూపించింది. ఆ తెల్లపొడి సంగతి నేను చెప్పగలను.

లక్ష్మీ, అమ్మా, అది మురికి కాదు, మేకప్పూ కాదు. ఒంటి సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు వాటితో కలిస్తే నీళ్లలో కరగని కొత్త పదార్థం తయారై తెట్టుగా పేరుకుంటుంది. బోరు నీళ్లతో స్నానం చేసే ఇళ్లలో బకెట్ అంచున తెల్లగా జిడ్డుగా పట్టేది అదే. మీ బ్రష్ వెంట్రుకల మీద పట్టిందీ అదే. అందుకే మీరు ఎంత ఎక్కువ సబ్బు పెడితే అంత బిరుసు పెరిగింది. షాంపూల్లో ఉండే లారైల్ ఈథర్ సల్ఫేట్ లాంటివి కాల్షియంతో అలా తెట్టు కట్టవు. కాబట్టి భీమవరం అమ్మాయి చెప్పిన షాంపూ మాట సరైనది.

ఇప్పటికే పట్టిన తెట్టు షాంపూతో పూర్తిగా పోదు. దానికి కొంచెం పులుపు తగలాలి. గ్లాసు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు కొసలు మాత్రమే రెండు నిమిషాలు ముంచి కదపండి. కాల్షియం సబ్బు విడిపోయి, కాల్షియం నీళ్లలోకి పోతుంది, కొవ్వు ఆమ్లం వెంట్రుకల మీద జిడ్డుగా మిగులుతుంది. ఆ జిడ్డును వెంటనే షాంపూతో కడగాలి. ఈ రెండో పని మరిస్తే బ్రష్ జిగటగా ఉంటుంది, వెనిగర్ పనిచేయలేదని మీరనుకుంటారు. రేకు భాగం పులుపులో నానకుండా చూడండి.

చివరి జాడింపు మాత్రం బోరు నీళ్లతో వద్దు, మంజీరా నీళ్లతో చేయండి. రెండు చెంబులు చాలు.

బుజ్జి_వరంగల్
జూలై 5, ఉదయం 8:05

మాస్టారూ, మా హాస్టల్లో బోరు నీళ్లే దిక్కు. మరిగిస్తే సరిపోతుందా? ఏసీ నుంచి కారే నీళ్లు మెత్తటి నీళ్లంటారు, అవి పట్టుకోవచ్చా?

రాజమండ్రి_మాస్టారు
జూలై 5, ఉదయం 8:30

మంచి ప్రశ్నలు తల్లీ. నీళ్లలోని ఆ కాల్షియం, మెగ్నీషియంలనే కాఠిన్యం అంటాం. మరిగిస్తే అందులో తాత్కాలిక కాఠిన్యం పోతుంది. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం మరిగించినా పోదు. ఏసీ నీళ్లు మెత్తటివే, ఎందుకంటే అవి గాలిలోని తేమ. కానీ లోపలి కాయిల్ మీద ఉన్న దుమ్మూ, బూజూ కడుక్కుంటూ వస్తాయి. ముఖానికి తగిలే వస్తువుకు వద్దు. ఇది జూలై నెల, వాన నీళ్లు పట్టుకో. మొదటి పది నిమిషాల వాన వదిలేసి, తరవాత ఆరుబయట శుభ్రమైన బకెట్ పెట్టు. అంతకంటే మెత్తటి నీళ్లు లేవు.

ఇంకో మాట. టీడీఎస్ మీటర్ చూసి నీళ్ల కాఠిన్యం తెలిసిపోయిందనుకుంటారు చాలామంది. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి, కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వంతు. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. 600 దగ్గర ఉన్న నీళ్లు తాగడానికి ప్రమాణం ఒప్పుకున్నా, సబ్బు మాత్రం ఒప్పుకోదు.

సీతమ్మ_మనవరాలు
జూలై 5, మధ్యాహ్నం 1:10

ఇంతమంది షాంపూ అంటున్నారు, కుంకుడుకాయ ఎవరికీ గుర్తురాలేదా? మా అమ్మమ్మ పట్టు చీరలు కుంకుడు రసంతోనే ఉతికేది, వెండి గిన్నెలు దాంతోనే తోమేది. నేను రెండేళ్లుగా బ్రష్‌లకు అదే వాడుతున్నాను. నాలుగు కాయలు కొట్టి గింజ తీసేసి, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి పలుచటి గుడ్డలో వడకడతాను. బోరు నీళ్లలో కూడా చక్కగా నురుగు వస్తుంది, వెంట్రుకలు మెత్తగా ఉంటాయి.

భీమవరం_బ్రైడల్
జూలై 5, మధ్యాహ్నం 2:45

సీతమ్మ మనవరాలు గారూ, కుంకుడు మీద నాకూ గౌరవమే, ఇప్పటికీ తలంటుకు అదే వాడతాను. కానీ కంటి బ్రష్‌లకు మాత్రం దయచేసి చెప్పకండి. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న మనందరికీ తెలుసు. ఐషాడో బ్రష్‌లో కాస్త మిగిలినా కన్ను ఎర్రబడుతుంది. నా తెల్ల మేకవెంట్రుకల బ్రష్ ఒకటి కుంకుడు వల్ల పసుపు రంగుకు తిరిగింది కూడా. ఇంకోటి, వడకట్టడం సరిగ్గా లేకపోతే పిప్పి నలుసులు కుచ్చు మొదట్లో ఇరుక్కుంటాయి.

రాజమండ్రి_మాస్టారు
జూలై 5, సాయంత్రం 5:20

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కుంకుడులో నురుగు ఇచ్చేవి సాపోనిన్లు. అవి సబ్బులా కాల్షియంతో తెట్టు కట్టవు, అందుకే బోరు నీళ్లలోనూ నురుగు వచ్చింది. పౌడర్ బ్రష్‌లకు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. రసం మాత్రం ఏ రోజుకారోజు తీసుకోవాలి, నిలవ ఉంటే పులుస్తుంది.

డాక్టర్_పద్మజ_చర్మం
జూలై 5, రాత్రి 10:05

లక్ష్మి గారూ, బ్రష్‌ల సంగతి చక్కగా చెబుతున్నారు, నేను మీ పొక్కుల గురించి రాస్తాను. చూడకుండా ఇదీ అని చెప్పలేను కానీ, ముందు 10 రోజులు ఫౌండేషన్ పూర్తిగా ఆపండి. చీము ఉన్నా, నొప్పి ఉన్నా దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. బ్రష్‌లు శుభ్రం చేసుకుంటే పొక్కులన్నీ పోతాయని మాత్రం అనుకోకండి. మీరు వాడే క్రీము పడకపోవచ్చు, హార్మోన్లు కారణం కావచ్చు. కడగని బ్రష్ ఉన్న సమస్యను పెంచుతుంది, తగ్గనివ్వదు.

ఎందుకంటే ఆ కుచ్చులో చర్మపు నూనె, రాలిన చర్మకణాలు, పాత మేకప్పు, తేమ అన్నీ ఒకచోటే ఉంటాయి. సూక్ష్మజీవులకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. అదే గీసుకుపోయిన చర్మం మీదకు చేరితే చీము పొక్కులవుతుంది. మీ బిరుసెక్కిన బ్రష్ చెంపను గీకుతోందని రాశారు చూడండి, అది నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. బాగయ్యేదాకా దాన్ని ముఖానికి తగలనివ్వకండి.

బ్రిటన్‌లో ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జనం వాడుతున్న మేకప్ వస్తువులు తీసుకుని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఫౌండేషన్ అద్దే స్పాంజీల్లో 93 శాతం ఒక్కసారి కూడా శుభ్రం చేయనివే. 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవి. స్పాంజీ వాడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎన్నాళ్లకోసారి కడగాలంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 7 నుంచి 10 రోజులకోసారి కడగమంటుంది. నా పేషెంట్లకూ అదే చెబుతాను.

విశాఖ_నాట్యం
జూలై 6, ఉదయం 7:30

నేను కూచిపూడి నేర్పిస్తాను. డాక్టరు గారి మాట చదివాక నా అనుభవం చెప్పాలనిపించింది. ఇది చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శనకు 14 మంది పిల్లలకు ఒకే ఐలైనర్ బ్రష్‌తో కళ్లు దిద్దాం. టైము లేదు, అటు నట్టువాంగం మైకు పెడుతున్నారు, ఇటు జడలు పూర్తికాలేదు. ఒకరి తరవాత ఒకరికి అలా గీసుకుంటూ పోయాం. మూడో రోజుకి ముగ్గురు పిల్లలకు కళ్లకలక. అందులో చిన్నది ఆరేళ్లది, రెప్పలు అతుక్కుపోయి ఏడుస్తూ వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని ఉంది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నన్ను ఇంకా బాధించింది.

అప్పటి నుంచి ప్రతి పిల్లకూ ఒక సంచి, అందులో సొంత కాటుక, సొంత ఐలైనర్ బ్రష్, పిడికి చుట్టిన టేపు మీద పేరు. కొనలేనివాళ్లకు నేనే కొనిస్తాను. కళ్లకలక వచ్చిన పిల్ల ఐలైనరూ మస్కారా పారేయిస్తాను, కడిగి వాడనివ్వను. రాకపోయినా కంటి మేకప్ 3 నెలలకోసారి మార్చమని అమెరికా కంటి వైద్యుల అకాడమీ చెబుతుంది. పాదాలకు పారాణి దిద్దే బ్రష్ వేరే డబ్బాలో ఉంటుంది, ముఖం బ్రష్‌లతో కలపం.

స్టేజీ మేకప్ చేసేవాళ్లకు ఒక చిన్న మాట. పాన్‌కేక్ నీళ్లతో కలిపేది, అది నీళ్లకే పోతుంది, నూనె అక్కర్లేదు. గ్రీజు స్టిక్ వాడితేనే నూనె.

ఇక్కడ సముద్రపు గాలి, వానాకాలం వస్తే బ్రష్ రెండు రోజులైనా ఆరదు. ఒక వాసన వస్తుంది, తడి చాపలో వచ్చేలాంటిది. ఆ వాసన వచ్చిందంటే లోపల బూజు మొదలైనట్టే. ఏసీ గదిలో ఫ్యాను వేసి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తాను. చిన్నపిల్లలకు అందకుండా చూసుకోండి. తడి బ్రష్‌ను జిప్పు సంచిలో మాత్రం పెట్టొద్దు, ఎంత ప్రయాణమైనా సరే.

హిరోషిమా_తెలుగమ్మాయి
జూలై 6, మధ్యాహ్నం 12:50

మేం ఉండేది హిరోషిమాలో. ఇక్కడికి దగ్గర్లో కుమానో అని ఒక ఊరుంది. జపాన్‌లో తయారయ్యే బ్రష్‌లలో చాలా భాగం అక్కడివే. కలంకారీకి మన పెడన ఎలాగో, బ్రష్‌లకు ఇక్కడ కుమానో అలాగ. రాతకుంచెలు చేసిన చేతులే ఇప్పుడు మేకప్ బ్రష్‌లు చేస్తున్నాయి. ఆ మంచి బ్రష్‌ల కొసలు కత్తిరించరు. వెంట్రుక సహజమైన కొస ముఖానికి తగిలేలా ఒక్కో కుచ్చూ చేత్తో పేరుస్తారు. అందుకే అంత మెత్తగా ఉంటాయి. కాబట్టి పక్కకు లేచిన వెంట్రుకలను కత్తెరతో సమం చేయకండి, మొద్దు కొస గుచ్చుకుంటుంది.

ఇక్కడివాళ్లు మేక, ఉడుత వెంట్రుకల పౌడర్ బ్రష్‌లను తరచూ కడగొద్దంటారు. వాడిన ప్రతిసారీ పొడి టిష్యూ మీదో మెత్తటి గుడ్డ మీదో అటూ ఇటూ తుడిచి పౌడరు దులిపేయడమే వాళ్ల పద్ధతి. ఎక్కువ కడిగితే వెంట్రుక ఎండిపోయి విరుగుతుంది. వారానికోసారి అని డాక్టరు గారన్నారు కదా, అది అన్నిటికీ వర్తిస్తుందా?

డాక్టర్_పద్మజ_చర్మం
జూలై 6, రాత్రి 9:40

మంచి మాట. పొక్కులు లేని చర్మం, పొడి పౌడరు, ఒక్కరే వాడే బ్రష్ అయితే రోజూ తుడుచుకుంటూ నెలకోసారి కడిగినా నేను అభ్యంతరం చెప్పను. తడి మేకప్ బ్రష్‌లకు, కంటి బ్రష్‌లకు, పొక్కులు ఉన్నవాళ్లకు ఆ సడలింపు లేదు.

బుజ్జి_వరంగల్
జూలై 7, ఉదయం 7:15

నా బ్రష్ అసలు వెంట్రుకలదో, సింథటిక్‌దో ఎలా తెలుస్తుంది అక్కా?

భీమవరం_బ్రైడల్
జూలై 7, ఉదయం 10:30

రాలిన వెంట్రుక ఒకటి చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. జుట్టు కాలిన వాసన వచ్చి పొడైపోతే జంతువుది. కరిగి చిన్న పూసలా ముడుచుకుంటే సింథటిక్. సింథటిక్ అయితే నీకు ఏ బాధా లేదు, కడుగుడుకు బాగా తట్టుకుంటుంది.

షాంపూకి కూడా డబ్బు దండగ చేయకు బుజ్జీ. రూపాయి సాషే చాలు, నీ మూడు బ్రష్‌లకు రెండు సార్లు వస్తుంది. కండిషనర్ కలిసిన షాంపూ మాత్రం వద్దు. వెంట్రుక మీద పూతలా పట్టి పౌడరును అంటనివ్వదు. గిన్నెలు తోమే లిక్విడ్ సింథటిక్ ఫౌండేషన్ బ్రష్‌కు ఎప్పుడైనా ఒక చుక్క ఫరవాలేదు, జంతువు వెంట్రుకలకు అస్సలు వద్దు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. ముంగిస వెంట్రుకల కుంచె అని ఎవరైనా అమ్మితే కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బొమ్మలు వేసే కుంచెల్లో ఎక్కువగా వస్తాయి, చూసి కొనండి.

గుంటూరు_గ్లామ్
జూలై 7, మధ్యాహ్నం 3:00

ఇదంతా ఎందుకండీ, నేను స్పిరిట్ స్ప్రే కొట్టి తుడిచేస్తాను. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. ఒక్కరోజులో మూడు పెళ్లిళ్లు ఉంటే 24 గంటలు ఎక్కడ ఆరబెట్టాలి?

భీమవరం_బ్రైడల్
జూలై 7, సాయంత్రం 6:10

ముహూర్తాల సీజన్లో ఆ కష్టం నాకు తెలుసండి. ఒక కస్టమర్‌కూ ఇంకో కస్టమర్‌కూ మధ్య నేనూ స్ప్రే వాడతాను. కానీ మేకప్ గడ్డకట్టిన కుచ్చు మీద కొడితే పైపైన మాత్రమే తడుస్తుంది, లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ముందు టిష్యూకు తుడిచి, తరవాత స్ప్రే, పూర్తిగా ఆరాకే తరవాతి మనిషికి. రాత్రి ఇంటికొచ్చాక షాంపూతో కడగడం తప్పదు. నేను మూడు సెట్లు పెట్టుకున్నాను, ఒకటి చేతిలో, ఒకటి ఆరుతూ, ఒకటి పెట్టెలో. ఒకేసారి కొనలేదు, నాలుగేళ్లలో ఒక్కొక్కటీ చేర్చుకున్నాను. పెళ్లికూతురు మనల్ని నమ్మి ముఖం అప్పగిస్తుంది. ఆమెకు మర్నాడు పొక్కు వస్తే ఫోటోలు ఎంత బాగున్నా లాభం లేదు.

రాజమండ్రి_మాస్టారు
జూలై 7, రాత్రి 7:45

స్ప్రే కొనేవాళ్లు 99 శాతం కంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. తక్కువ శాతమే ఎక్కువ పనిచేస్తుంది. అందులోని నీరు ఆల్కహాల్‌ను సూక్ష్మజీవి ప్రోటీన్ల మీద పనిచేయనిస్తుంది, త్వరగా ఆవిరైపోకుండా ఆపుతుంది. దీపం, గ్యాస్ పొయ్యి దగ్గర వాడకండి, భగ్గుమంటుంది. మండపంలో హోమం పక్కన కూర్చుని టచప్ చేసేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

గుంటూరు_గ్లామ్
జూలై 7, రాత్రి 8:20

హోమం మాట నాకు ఎప్పుడూ తట్టలేదు మాస్టారూ. ఇక మీద సీసా గదిలోనే వదిలి, మండపానికి టిష్యూలే తీసుకెళ్తాను.

సీతమ్మ_మనవరాలు
జూలై 8, ఉదయం 9:00

స్పాంజీ ఎలా కడగాలో ఎవరైనా చెప్పండి. నాది లోపల నల్లచుక్కలు పడ్డాయి.

విశాఖ_నాట్యం
జూలై 8, ఉదయం 9:25

నల్లచుక్కలంటే బూజు. కడగకండి, ఈ రోజే పారేయండి. కొత్తదాన్ని వాడిన ప్రతిసారీ షాంపూ నురుగులో పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. దానితో వచ్చే ప్లాస్టిక్ డబ్బాలో తడిగా మూసిపెడితే మళ్లీ ఇదే కథ. బాగా చూసుకున్నా మూడు నెలలకు మించి వాడొద్దు.

నిజాంపేట_లక్ష్మి
జూలై 27, రాత్రి 8:45

మూడు వారాలు రాయలేకపోయాను, క్షమించండి. ఏం చేశానో, ఏమైందో అంతా చెబుతాను.

ముందు అగ్గిపుల్ల పరీక్ష చేశాను. పెద్ద పౌడర్ బ్రష్ ఒక్కటే జంతువు వెంట్రుకలది, మిగతా 11 సింథటిక్. మాస్టారు చెప్పినట్టు వెనిగర్ నీళ్లలో కొసలు ముంచి రెండు నిమిషాలు కదిపాను. నీళ్లు తెల్లగా మబ్బు పట్టినట్టయ్యాయి. బ్రష్ చేతికి జిగటగా తగిలింది, ఆయన ముందే చెప్పకపోతే నేను అక్కడే ఆపేసేదాన్ని. షాంపూతో రెండు సార్లు కడిగి, మా మేడ మీద పట్టిన వాన నీళ్లతో జాడించాను. మర్నాడు సాయంత్రం పౌడర్ బ్రష్ చెంపకు ఆనించుకుంటే కొన్న రోజున ఎలా ఉందో అలా ఉంది. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫౌండేషన్ బ్రష్‌కు కొబ్బరి నూనె పట్టాను. అరచేయి మొత్తం గోధుమరంగు అయింది, నాలుగు నెలల మేకప్పు అది. ఐదు సార్లు షాంపూ పట్టింది. కుచ్చు మధ్యలో మాత్రం గట్టిగా ఒక ముద్ద మిగిలిపోయింది, ఎంత చేసినా కరగలేదు. ఆ ఒక్కటీ తీసేశాను. బ్లష్ బ్రష్ తల ఎపాక్సీతో అతికించాను, గట్టిగా నిలబడింది.

చెంపలకు డాక్టర్‌కు చూపించుకున్నాను. పూత మందు రాశారు, క్రీము మార్చమన్నారు. పొక్కులు చాలావరకు తగ్గాయి. మందు వల్లో, బ్రష్‌ల వల్లో, క్రీము మార్చడం వల్లో విడదీసి చెప్పలేను. పద్మజ గారూ, ఫౌండేషన్ ఆపమని మీరు చెప్పిన మాట విన్నాను. ఆ 10 రోజులూ ఉత్త ముఖంతో ఆఫీసుకు వెళ్లడానికి మొదట టెన్షన్ పడ్డాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి కడుగుతున్నాను. బల్ల అంచున పెడితే మా బాబు లాగేస్తున్నాడు. అందుకని బట్టల హ్యాంగర్‌కు రబ్బరు బ్యాండ్లతో కట్టి, కుచ్చులు కిందికి వేలాడేలా బీరువా పిడికి తగిలిస్తున్నాను. ఇలా చేయొచ్చా భీమవరం అక్కా?

భీమవరం_బ్రైడల్
జూలై 27, రాత్రి 10:20

చేయొచ్చు, బల్ల మీదకంటే అదే మంచిది. బ్యాండు పిడికే పడాలి, రేకు మీద కాదు. రెండు బ్రష్‌ల మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. పెద్ద బ్రష్ కుచ్చు ఆరేటప్పుడు విచ్చుకుంటుంటే, టిష్యూ ఒక చుట్టు చుట్టి పైన దారం వదులుగా కట్టండి, ఆకారం నిలుస్తుంది. మీ బ్రష్‌లు బతికినందుకు చాలా సంతోషంగా ఉంది లక్ష్మి గారూ.

బుజ్జి_వరంగల్
జూలై 27, రాత్రి 10:41

నావీ మూడూ మెత్తబడ్డాయి అక్కా. రూపాయి సాషే, పక్కింటి ఆంటీ ఇచ్చిన వెనిగర్, వాన నీళ్లు, అంతే. మా గదిలో మిగతా ఇద్దరూ వాళ్ల బ్రష్‌లు కూడా తెచ్చిచ్చారు, రేపు వానొస్తే మేడ మీద రెండు బకెట్లు పెడుతున్నాం.